కరువు నేల మీద రెండు శిబిరాలు

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటేసరికే తమ తేమను చాలావరకు వదిలేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపి ఇంత దూరం వచ్చేసరికి సన్నగిల్లుతాయి. రెండింటికీ ఎడంగా పడిపోయిన వర్షచ్ఛాయా ప్రాంతం ఇది. అటువంటి చోటికి రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి అంతర్జాతీయ రాజకీయం ఏ రూపంలో చేరిందన్నది ఈ ప్రసంగ విషయం. అమెరికా నాయకత్వాన పశ్చిమ దేశాలు ఒక శిబిరంగా, సోవియట్ యూనియన్ నాయకత్వాన కమ్యూనిస్టు దేశాలు మరొక శిబిరంగా చీలి, 1940ల చివరి నుంచి 1991 దాకా, నేరుగా ఒకరిమీద ఒకరు సైన్యాలు నడపకుండా, ధనంతో, ధాన్యంతో, ఆయుధ సహాయంతో, ప్రచారంతో, ఇతరుల నేలమీద జరిగిన యుద్ధాలతో సాగించిన పోరును చరిత్రకారులు ప్రచ్ఛన్న యుద్ధం అంటారు. ఆ చరిత్రలో బెర్లిన్, కొరియా, క్యూబా, వియత్నాం పేర్లు వినిపిస్తాయి గాని గుత్తి, తాడిపత్రి, కల్యాణదుర్గం పేర్లు వినిపించవు. అయినా ఆ పోరు ఇక్కడికీ వచ్చింది. గోధుమ బస్తాగా, పాలపొడిగా, చౌక పుస్తకంగా, ఎన్నికల కరపత్రంగా, చివరకు ఒకే కుటుంబంలోని బావ, బావమరుదుల మధ్య రాజకీయ వైరంగా వచ్చింది.

మొదట వచ్చింది తిండిగింజ. 1950లో దేశంలో అనేక ప్రాంతాల్లో పంటలు దెబ్బతిని నిల్వలు అడుగంటగా, భారత ప్రభుత్వం 20 లక్షల టన్నుల ధాన్యం కోసం అమెరికాను అడిగింది. అక్కడి చట్టసభలో ఆ అభ్యర్థన నెలల తరబడి నలిగింది. కొరియా యుద్ధం విషయంలో నెహ్రూ అమెరికా వెంట పూర్తిగా నడవకపోవడం, చైనాలో ఏర్పడిన కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని భారతదేశం గుర్తించడం కొందరు సభ్యులకు కంటగింపు అయ్యాయి. అణుశక్తికి పనికివచ్చే థోరియం ఉన్న మోనజైట్ ఇసుకను మలబారు తీరం నుంచి ఎగుమతి చేయనివ్వకపోవడం కూడా ఫిర్యాదుల్లో చేరింది. ఆ చర్చ సాగుతున్న కాలంలోనే చైనా, సోవియట్ యూనియన్ భారతదేశానికి ధాన్యం పంపడానికి ఒప్పుకున్నాయి. అవి దానాలు కావు, వర్తకపు ఒప్పందాలు; అమెరికా గింజతో పోలిస్తే వాటి పరిమాణం కూడా చిన్నదే. కాని అడిగినవాడి ఆకలి ముందు తగవు పెట్టుకోని పెద్దమనిషి అనే పేరు ఆ దేశాలకు దక్కింది. చివరకు 1951 జూన్ 15న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో 19 కోట్ల డాలర్ల గోధుమ అప్పు మంజూరైంది. తొలుత దానంగా ఇవ్వాలన్న ఆలోచన అప్పుగా మారడం వెనుక కోపతాపాలు ఎంత ఉన్నాయో, లెక్కలు అంతే ఉన్నాయి.

రాయలసీమలో ఆ సంవత్సరాలు వరుస కరువులవి. 1876–78 నాటి ధాత కరువు కథలు ఇంకా ముసలివాళ్ల నోట వినిపిస్తున్న ఊళ్లలో 1952 నాటికి గంజి కేంద్రాలు వెలిశాయి. ఎండిన బావుల పూడిక తీసి లోతు చేయడానికి, నీళ్లు మోయడానికి సైన్యాన్ని దించవలసి వచ్చింది. గంజి కేంద్రం అంటే ప్రభుత్వమో, దాతలో ఊరి నడుమ పెద్ద గుండిగలు పెట్టి, జొన్న పిండో నూకలో ఉడకబెట్టి, వరుసలో నిలబడినవారికి ముంతకు ఇంతని పోసే చోటు. ఒంటిమీద సత్తువ ఉన్నవారికి కరువు పని, అంటే రోడ్డుకు కంకర కొట్టడం, చెరువు కట్టకు మట్టి మోయడం. సత్తువ లేనివారికి గంజి. ఈ విభజన బ్రిటిషు పాలనలో రూపొందిన కరువు నియమావళి నుంచి వచ్చినదే. గుండిగలో పడిన గింజ ఏ దేశపు ఓడ దిగిందో వరుసలో నిలబడినవారు అడగరు. ఈ జిల్లాకే చెందిన విద్వాన్ విశ్వం 1956లో వెలువరించిన ‘పెన్నేటి పాట’ కావ్యం ఆ కాలపు పేద రైతు బతుకుకు సాక్ష్యంగా నేటికీ నిలిచి ఉంది. విశ్వం స్వగ్రామం తరిమెల. ఆ ఊరి పేరే ఈ ప్రసంగంలో మరొకరి కథలోనూ వస్తుంది.

శింగనమల మండలంలోని తరిమెలలో 1917లో సంపన్న భూస్వామి కుటుంబంలో పుట్టిన నాగిరెడ్డి రిషి వ్యాలీ పాఠశాలలో, మద్రాసు లయోలా కళాశాలలో, తరువాత బనారసు హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, కమ్యూనిస్టుగా జిల్లాకు తిరిగివచ్చారు. యుద్ధం ఆర్థిక ఫలితాలపై రాసిన చిన్న పుస్తకానికి 1940లో బ్రిటిషు ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. గార్లదిన్నె మండలంలోని ఇల్లూరులో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం పాఠశాలలో, అనంతపురం కళాశాలలో చదివి, చదువు మధ్యలో వదిలి కాంగ్రెసు ఉద్యమంలో దిగారు. నాగిరెడ్డి సోదరి నాగరత్నమ్మ సంజీవరెడ్డి భార్య. 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు అనంతపురం నియోజకవర్గంలో ఈ ఇద్దరూ ఎదురెదురుగా నిలవగా బావమరిది గెలిచారు, బావ ఓడిపోయారు. ఇది ఒక కుటుంబపు ముచ్చటగా చెప్పుకుని ఊరుకునే సంగతి కాదు. ఆ ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతానికి చెందిన 140 స్థానాల్లో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసుకు 40 వచ్చాయి. దేశంలో కాంగ్రెసుకు కమ్యూనిస్టులు ఇంత దగ్గరగా వచ్చిన ప్రాంతాలు చాలా కొద్ది.

అప్పటి ఆంధ్ర కమ్యూనిస్టులకు విదేశాల మాట ఎంత ముఖ్యమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1948లో ఆంధ్ర నాయకత్వం ఒక పత్రం రూపొందించి, రష్యాలో వలె నగర కార్మికుల తిరుగుబాటు కాక, చైనాలో మావో నడిపిన రైతు సాయుధ పోరాట మార్గమే భారతదేశానికి తగినదని వాదించింది. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి. పార్టీ ప్రధాన కార్యదర్శి బి.టి. రణదివే దానిని ఖండించారు, ఆ ఊపులో మావోను కూడా విమర్శించారు. అయితే 1950 జనవరిలో కామిన్‌ఫార్మ్ పత్రిక సంపాదకీయం చైనా మార్గాన్ని మెచ్చుకుంది. కామిన్‌ఫార్మ్ అంటే సోవియట్ యూనియన్, ఐరోపాలోని కొన్ని కమ్యూనిస్టు పార్టీలు కలిసి 1947లో ఏర్పరచుకున్న సమాచార సంస్థ. ఎక్కడో తూర్పు ఐరోపాలో అచ్చయిన ఒక సంపాదకీయంతో ఇక్కడ రణదివే పదవి కదిలి, ఆ ఏడాదే ఆంధ్రకు చెందిన చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1951 ఆరంభంలో రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. ఆ సంప్రదింపుల తరువాత కొత్త కార్యక్రమం తయారైంది, ఆ సంవత్సరం అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ ప్రకటన వెలువడింది. దూరదేశపు అంగీకారం మీద ఇంతగా ఆధారపడిన ఉద్యమానికి ఆ దూరదేశపు అవసరాలు మారినప్పుడు ఏమవుతుందన్నది నాలుగేళ్లు తిరగకుండానే తేలింది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. 1954 నవంబరులో మద్యనిషేధం వివాదంపై అవిశ్వాస తీర్మానంలో స్వల్ప తేడాతో ఆ ప్రభుత్వం కూలిపోగా, రాష్ట్రపతి పాలన వచ్చి, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు ప్రకటించారు. దేశంలోనే కాదు, విదేశాల్లోనూ పత్రికల దృష్టి ఆంధ్ర మీదికి తిరిగింది. స్వేచ్ఛగా జరిగే ఎన్నికల ద్వారా కమ్యూనిస్టులు అధికారానికి వచ్చే తొలి పెద్ద ప్రాంతం ఇదే అవుతుందేమోనన్న ఊహ ఒక శిబిరంలో ఆశను, మరొక శిబిరంలో గుబులును రేపింది. కమ్యూనిస్టు పార్టీ 169 స్థానాల్లో అభ్యర్థులను నిలిపింది. అంతకుముందు తలో దారిగా ఉన్న కాంగ్రెసు, ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం ప్రజాపార్టీ ఒక సంఘటనగా చేరాయి. బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ను ప్రచార నిర్వహణకు కాంగ్రెసు పంపింది. నెహ్రూ స్వయంగా వచ్చి పర్యటించారు.

ఆ వేడిలో, జనవరి చివర, గణతంత్ర దినోత్సవ సందర్భంగా మాస్కోలోని ప్రావ్దా పత్రిక ఒక సంపాదకీయం ప్రచురించింది. ప్రావ్దా సోవియట్ కమ్యూనిస్టు పార్టీ అధికార పత్రిక కనుక అందులోని ప్రతి వాక్యాన్నీ ప్రభుత్వపు మాటగానే ప్రపంచం చదివేది. ఆ సంపాదకీయం భారత ప్రభుత్వపు శాంతి విధానాన్ని, నెహ్రూ అంతర్జాతీయ పాత్రను ప్రశంసించింది. కాంగ్రెసువారు ఆలస్యం చేయలేదు. ఆ ప్రశంసను తెలుగులో అచ్చువేసి పంచారు. మాస్కోయే మెచ్చుకున్న నెహ్రూను ఇక్కడి కమ్యూనిస్టులు ఎందుకు తిడుతున్నారని సభల్లో అడిగారు. నెహ్రూ ప్రభుత్వం సామ్రాజ్యవాదులకు తోక అని అప్పటిదాకా చెబుతూ వచ్చిన కార్యకర్తకు ఆ ప్రశ్నకు జవాబు లేదు. మాస్కో లెక్క వేరు. 1954లో అమెరికా పాకిస్తాన్‌తో సైనిక సహాయ ఒప్పందం చేసుకుంది, అదే ఏడాది ఆగ్నేయాసియా సైనిక కూటమిని నిలబెట్టింది. ఆ కూటముల్లో చేరకుండా అలీన విధానం పాటిస్తున్న పెద్ద దేశం స్నేహం సోవియట్ యూనియన్‌కు ఒక రాష్ట్రంలో అధికారం కన్నా విలువైనది. అలీన విధానమంటే రెండు సైనిక శిబిరాల్లో దేనికీ కట్టుబడకుండా, ఒక్కొక్క అంతర్జాతీయ విషయం మీద స్వతంత్రంగా నిర్ణయం తీసుకోవడం. ఆ స్నేహపు ఖర్చు కొంత ఆంధ్ర కమ్యూనిస్టుల ఖాతాలో పడింది.

ఫలితాల్లో 196 స్థానాలకు గాను కాంగ్రెసు సంఘటనకు 146, కమ్యూనిస్టులకు 15 వచ్చాయి. ఓట్లు మాత్రం కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం పడ్డాయి. అంటే జనం వారిని వదిలిపెట్టారనడం కన్నా, ఎదుటివారు ఒక్కటయ్యారనడం నిజానికి దగ్గరగా ఉంటుంది. కనుక ఓటమి భారమంతా ప్రావ్దా మీద వేయడం సరికాదు. మరుసటి సంవత్సరం అమెరికా పత్రికారచయిత సెలిగ్ హారిసన్ ఆంధ్ర కమ్యూనిస్టులపై రాసిన వ్యాసం అక్కడి రాజనీతిశాస్త్ర పత్రికలో వెలువడి ఎంతో పేరుపొందింది. డెల్టాలో కమ్మవారు కమ్యూనిస్టు నాయకత్వానికి, రెడ్లు కాంగ్రెసు నాయకత్వానికి ఆధారమని, అక్కడి పోరులో కులపోటీ పాత్ర పెద్దదని ఆయన ప్రధాన వాదన. కృష్ణా, గుంటూరు జిల్లాల మట్టుకు దానిలో పస ఉంది. అనంతపురానికి వచ్చేసరికి ఆ సూత్రం తడబడుతుంది: రెండు పక్షాల నాయకులూ రెడ్లే, రెండు ఇళ్లూ వియ్యమందిన ఇళ్లే. భూమి ఉన్న ఇంటి పిల్లలు చదువుకుని లోకాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకున్నారన్న మామూలు వివరణ ఇక్కడ ఎక్కువ పనికివస్తుంది. 1956 నవంబరు 1న సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో అనంతపురం నుంచి నాగిరెడ్డి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

అప్పటికి గింజ కథ కొత్త దశలో అడుగుపెట్టింది. అమెరికాలో రైతులు పండించిన మిగులు గోధుమ గోదాముల్లో పేరుకుపోయి, నిల్వ ఖర్చే భారమైన కాలంలో, 1954 జూలైలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక చట్టంపై సంతకం చేశారు. దాని క్రమసంఖ్యను బట్టి దానికి పి.ఎల్. 480 అన్న పేరు స్థిరపడింది. ఆ పద్ధతి ఇలా నడిచేది. కొనే దేశం డాలర్లు చెల్లించనక్కరలేదు; తన సొంత నాణెంలో, అంటే రూపాయల్లో చెల్లిస్తే చాలు. ఆ రూపాయలు భారతదేశంలోనే అమెరికా ఖాతాలో జమ అయ్యేవి. వాటిలో కొంత అమెరికా రాయబార కార్యాలయం ఖర్చులకు పోగా, ఎక్కువ భాగం తిరిగి భారత ప్రభుత్వానికే అప్పుగా, సహాయంగా వచ్చేది. మిగులు గింజ వదిలించుకోవడం, మిత్రులను సంపాదించడం, కమ్యూనిజం ఆకలిగొన్న ఇళ్లలో పెరుగుతుందన్న భయానికి మందు వేయడం, మూడూ ఒకే చట్టంతో జరిగాయి. భారతదేశంతో తొలి ఒప్పందం 1956లో కుదరగా, 1960 మేలో నాలుగేళ్లలో కోటీ 70 లక్షల టన్నుల ధాన్యానికి వాషింగ్టన్‌లో పెద్ద ఒప్పందం జరిగింది. భారతదేశం తరఫున సంతకం చేసిన ఆహార మంత్రి మరెవరో కాదు, ఐదేళ్ల కిందట ఆంధ్ర ఎన్నికల్లో కాంగ్రెసు ప్రచారం నడిపిన ఎస్.కె. పాటిలే.

ఆ ధాన్యపు ప్రవాహంలో పల్లె కంటికి కనిపించిన పాయ బడి దగ్గరిది. కేర్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ ద్వారా 1960లలో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్నపు తిండి మొదలైంది. బడి వెనుక మూడు రాళ్ల పొయ్యి మీద గుండిగలో గోధుమ రవ్వో, మొక్కజొన్న, సోయా, పాలపొడి కలిపిన పసుపుపచ్చ పిండో ఉప్మాగా ఉడికేది; దానికి వేసే నూనె రేకు డబ్బాల్లో వచ్చిన సోయా నూనె. బస్తాల మీద, డబ్బాల మీద కలిపిన రెండు చేతుల బొమ్మ, ఇది అమెరికా ప్రజలు ఇచ్చినదని, అమ్మరాదని, మార్చుకోరాదని ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. ఆ అక్షరాలు చదవగలిగినవారు ఊరికి ఒకరిద్దరు. గింజ అయిపోయాక బస్తా గుడ్డ సంచిగా, పరుపు ముక్కగా ఇళ్లలో మిగిలేది కనుక, ప్రచారం లెక్కన చూస్తే ఆ అక్షరాలు ఉద్దేశించిన కాలం కన్నా ఎక్కువే బతికాయనాలి. రాగి సంగటికి, కొర్రన్నానికి అలవాటుపడిన నాలుకకు ఆ ఉప్మా రుచి కొత్త. అయినా కరువు సంవత్సరంలో చాలామంది పిల్లలకు పగటిపూట వేడి తిండి అదొక్కటే.

సోవియట్ పక్షం దగ్గర మిగులు ధాన్యం లేదు. ఉన్నది ఉక్కు, యంత్రాలు, అచ్చుకాగితం. 1955 చివర బుల్గానిన్, క్రుశ్చేవ్ దేశమంతా పర్యటించారు. భిలాయి ఉక్కు కర్మాగారం, తరువాత హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం సోవియట్ సహాయంతో లేచాయి. అనంతపురానికి చేరింది వాటిలో అచ్చుకాగితమే. విజయవాడ విశాలాంధ్ర ప్రచురణాలయం, మాస్కో ప్రగతి ప్రచురణాలయం తెలుగులో తెచ్చిన గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్ పుస్తకాలు, రంగుల బొమ్మల పిల్లల పుస్తకాలు, లెనిన్ సంపుటాలు గట్టి అట్టతో, మంచి దారపు కుట్టుతో, కూలి మనిషి కూడా కొనగలిగిన ధరకు దొరికేవి. ‘సోవియట్ భూమి’ పత్రిక నిగనిగలాడే కాగితం బడిపిల్లల పుస్తకాలకు అట్టలుగా ఎంత ఖర్చయిందో లెక్క తేలనిది. మాస్కో రేడియో తెలుగులోనూ ప్రసారాలు చేసేది. కడప నుంచి ‘సంవేదన’ పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కో వెళ్లి అనువాదకుడిగా పనిచేశారు; ఆ అనుభవం మీద ఆయన రాసిన ‘అనువాద సమస్యలు’ తెలుగు విమర్శలో నిలిచిపోయింది. అవతలి పక్షం నుంచి ఫోర్డ్ ఫౌండేషన్ ధనంతో 1955లో మద్రాసులో ఏర్పడిన దక్షిణ భాషల పుస్తక సంస్థ తెలుగుతో సహా నాలుగు భాషల్లో చౌక పుస్తకాలు వేయించింది. ఈ పోటీలో గెలుపు సోవియట్‌దేనని చెప్పవచ్చు. పుస్తకాల వెనుక వాటిని మోసుకుని ఊరూరా తిరిగే కార్యకర్తలు వారికి ఉన్నారు, ఎదుటివారికి లేరు.

1965, 1966 సంవత్సరాల్లో దేశమంతటా వానలు విఫలం కాగా, ఒక్క 1966లోనే భారతదేశం కోటి టన్నులకు పైగా తిండిగింజలు దిగుమతి చేసుకుంది, అందులో అత్యధిక భాగం అమెరికాది. అధ్యక్షుడు జాన్సన్ దీర్ఘకాలపు ఒప్పందం పక్కన పెట్టి, ఓడలను నెలకు ఇన్నని తానే లెక్కచూసి విడుదల చేసేవారు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది ఒక షరతు. దానిని ఆహార మంత్రి సి. సుబ్రమణ్యం తనంతట తానే కోరుకుంటున్నారు కూడా. 1966 జూన్‌లో రూపాయి విలువ డాలరుకు 4.76 నుంచి 7.50కి పడిపోయింది. ఆ జూలైలో ఇందిరా గాంధీ మాస్కోలో వియత్నాంపై బాంబుదాడులు ఆపాలన్న ప్రకటనలో పాలుపంచుకోగా, వాషింగ్టన్‌లో చిరాకు పెరిగింది, ఓడల విడుదల మరింత నిదానించింది. వియత్నాం మీద ఒక వాక్యానికీ, రాయలసీమ చౌకడిపోలో గోధుమ దొరికే తేదీకీ సంబంధం ఏర్పడిన రోజులవి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పవలసి ఉంది. రెండు శిబిరాల సహాయమూ ఈ మెట్ట నేలకు గింజనూ కాగితాన్నీ తెచ్చింది గాని, సేద్యాన్ని మార్చే సహాయం నీరున్న చోటికే వెళ్లింది. ఫోర్డ్ ఫౌండేషన్ తోడ్పాటుతో 1960–61లో మొదలైన సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకానికి, అంటే విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒకేచోట కుమ్మరించి దిగుబడి పెంచే ప్రయత్నానికి, ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైనది గోదావరి కాలువలు పారే పశ్చిమ గోదావరి. సోవియట్ యంత్రాలతో 1956లో వెలసిన పెద్ద ప్రభుత్వ క్షేత్రం రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌ది, అదీ కాలువ నీటి ఆసరా ఉన్నచోటే. గెలుపు చూపించుకోవాలనుకునే దాతకు వాన మీద ఆధారపడిన ఎర్రనేల పనికిరాదు. 1970లో కెనడా సహకారంతో మొదలైన అఖిల భారత మెట్ట వ్యవసాయ పరిశోధన పథకంలో అనంతపురం కేంద్రం చేరడం ఇందుకు మినహాయింపు; ఆ ఏర్పాటు చిన్నది, దాని పని నిదానమైనది, కాని నేల తత్వం ఎరిగినది. ఇక జిల్లాకు నిజంగా అవసరమైన నీరు తుంగభద్ర జలాశయం నుంచి ఎగువ కాలువ ద్వారా, స్థానికులు హెచ్చెల్సీ అనే ఆ కాలువ ద్వారా, అంతర్రాష్ట్ర వాటాల బేరసారాల మధ్య వచ్చింది. ఇప్పటికీ జలాశయంలో పూడిక పెరిగేకొద్దీ వాటా తరుగుతూనే ఉంది.

సహాయం మీద అత్యంత నిశితమైన విమర్శ ఈ జిల్లా మనిషే రాయడం ఆశ్చర్యం కాదు. సోవియట్, చైనా పార్టీల మధ్య విభేదాలు, 1962 నాటి చైనా యుద్ధం కలిసి భారత కమ్యూనిస్టు పార్టీని 1964లో చీల్చగా నాగిరెడ్డి మార్క్సిస్టు పార్టీ వైపు వెళ్లారు. 1968లో దానితోనూ విభేదించి విప్లవ కమ్యూనిస్టుల వేదిక కట్టారు. 1969 మార్చిలో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. హైదరాబాదు కుట్రకేసులో కోర్టు ముందు ఉంచడానికి ఆయన రాసిన సుదీర్ఘ ప్రకటనే ‘తాకట్టులో భారతదేశం’ అనే పుస్తకం. పి.ఎల్. 480 ఒప్పందాలనూ, విదేశీ పెట్టుబడినీ, సోవియట్ సహాయాన్నీ ఆయన ఒకే తక్కెడలో తూచారు. మాటలో సోషలిజం, చేతలో సామ్రాజ్య విస్తరణ అన్న అర్థంలో చైనావారు వాడిన ‘సామాజిక సామ్రాజ్యవాదం’ అనే నింద అప్పటికి ఆ వర్గాల్లో సాధారణమైంది. పుస్తకం ముగింపులతో ఏకీభవించనివారు కూడా ఒప్పందాల షరతులను, అంకెలను వెతికి కూర్చిన శ్రమను కాదనలేరు. ఒకప్పుడు కామిన్‌ఫార్మ్ వాక్యం కోసం ఎదురుచూసిన ఉద్యమంలోంచి రెండు రాజధానులనూ ఒకే కంట చూసే రచన రావడమే దాని విశేషం.

అదే 1969లో సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకరు పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెసు అధికారిక అభ్యర్థిగా నిలిచారు. ఇందిరా గాంధీ మనస్సాక్షి ఓటు పిలుపుతో, కమ్యూనిస్టుల మద్దతుతో మరొక తెలుగువాడు వి.వి. గిరి 4,20,077 ఓట్ల విలువతో గెలిచారు. సంజీవరెడ్డికి వచ్చినవి 4,05,427. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ సంజీవరెడ్డి వైపు మొగ్గడంతో ఆ పోటీ కుడి, ఎడమల పోటీగా చిత్రితమైంది. ఓడిన నాయకుడు ఇల్లూరు వచ్చి సేద్యం చూసుకున్నారు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 జూలై 28న, నాగిరెడ్డి అజ్ఞాతవాసంలోనే కన్నుమూశారు. మరుసటి ఏడాది సంజీవరెడ్డి నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో జనతా పార్టీకి దక్కినది అదొక్కటే. ఆ జూలైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఆ హోదాలో 1978 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్‌కు, అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సేనలు దిగిన ఏడాదికి, 1980 డిసెంబరులో బ్రెజ్నేవ్‌కు ఢిల్లీలో ఆతిథ్యమిచ్చినవారు ఇల్లూరు రైతుబిడ్డే.

పి.ఎల్. 480 లెక్క 1974 ఫిబ్రవరిలో ముగిసింది. పోగుపడిన రూపాయల్లో 1,664 కోట్లను వదులుకుంటూ అమెరికా రాయబారి మొయినిహాన్ ఒకే చెక్కు ఇచ్చారు; ఆనాటికి అంత పెద్ద మొత్తానికి రాసిన చెక్కు లేదని చెప్పుకున్నారు. ఈలోగా అనంతపురం పొలాల రూపు మారిపోయింది. కొర్ర, సజ్జ, ఆరిక, జొన్న వెనక్కి తగ్గి, జిల్లాలో శెనక్కాయ అనే వేరుశనగ ఎర్రనేలంతా కమ్ముకుంది. బయటి గింజ చౌకడిపో ద్వారా దొరుకుతుందన్న ధీమా ఈ మార్పుకు ఒక్కటే కారణం కాదు గాని, తిండి పంట వదిలి నూనె పంట వేసుకునే ధైర్యంలో దానికీ వాటా ఉందనడం అతిశయోక్తి కాదు. కాయ గానుగలకూ మిల్లులకూ వెళ్లి నూనె తీశాక మిగిలే చెక్క పశువుల దాణా. వేరుశనగ చెక్కను భారతదేశం సోవియట్ యూనియన్‌కు, తూర్పు ఐరోపా దేశాలకు రూపాయి వర్తకం కింద, అంటే డాలర్లతో పని లేకుండా ఇరుపక్షాల సరుకుల విలువను రూపాయల్లోనే చెల్లువేసుకునే పద్ధతిలో, ఎగుమతి చేసేది. నూనె ఇంటికి, చెక్క తూర్పు శిబిరపు పశువులకు, అమెరికా సోయా నూనె బడి గుండిగకు పోయిన ఆ ఏర్పాటు 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దు కావడంతో సగం విరిగింది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరుచుకోగా, శెనక్కాయ ధరకు మలేసియా తోటల నుంచి వచ్చే నూనెతో పోటీ మొదలైంది.